గోడకవతల మనిషి

గంగాధరప్పను నేను మొదటిసారి చూసింది పెనుకొండ బస్టాండు ముందర, ఒక లారీ మీద. తొంభైల్లో అక్షరాస్యత ఉద్యమం ఊరూరా తిరుగుతున్న రోజులవి. లారీ వెనక తలుపు దించి దాన్నే వేదిక చేశారు. పంచె మోకాళ్ళదాకా ఎగగట్టిన సన్నటి మనిషి ఒకడు కంజిర పట్టుకుని పాడుతున్నాడు. మధ్యలో మైకు ఆగిపోయింది. ఆయన ఆగలేదు. అవతల కళింగర పుచ్చకాయలు అమ్ముకుంటున్నవాళ్ళు కూడా లేచి వచ్చారు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఆ వారమే ఆ లారీ ఎక్కి వంతపాటగాళ్ళలో చేరిపోయాను. ఆయన నన్ను శివా అనేవాడు. నేను అన్నా అనేవాణ్ణి. ముప్పై ఏళ్ళు దాటినా ఆ పిలుపులు మారలేదు.

ఆయనది ధర్మవరం. పట్టుచీరలు నేసే ఇల్లు. గుంతమగ్గంలో కాళ్ళు దించి కూర్చుని, నాడె అటూ ఇటూ పోయే చప్పుడుకు తగినట్టు పాట కట్టేవాడు. రాయడం తర్వాత. ముందు నోట్లోనే నాలుగైదు రోజులు నానాలి. భార్య ఓబులమ్మ పక్కన కూర్చుని కండెలు చుడుతూ వినేది. బాగుంటే ఏమీ అనేది కాదు. బాగాలేకపోతే మాత్రం, "ఇది నీ పాట మాదిరి లేదు, ఎవరిదో తెచ్చినట్టుండాది" అనేది. ఆ పాట అంతటితో ఆగిపోయేది. నీళ్ళ మీద, బడి మీద, మగ్గం మీద ఆయన కట్టిన పాటలు ఇటు హిందూపురం నుంచి అటు తాడిమర్రి దాకా పాడనివాళ్ళు లేరు. ఎవరు కట్టారో తెలియకుండా పాడినవాళ్ళే ఎక్కువ. అది ఆయనకు సంతోషమే.

ఓబులమ్మ చనిపోయి నాలుగేళ్ళయింది. పిల్లలు లేరు. అప్పటికే ఆయన పాట కట్టడం మానేసి చాలా కాలమయింది. తమ్ముళ్ళు ఇంట్లో చేతిమగ్గాలు తీసేసి మరమగ్గాలు పెట్టారు. ఆయనను పొమ్మన్నవాళ్ళెవరూ లేరు. వేళకు పిలిచి అన్నం పెట్టేవాళ్ళు. కానీ పొద్దున ఏడింటికి మిషన్లు మొదలైతే ఇంట్లో మనిషి మాట మనిషికి వినబడదు. చేతులతో సైగలు చేసుకుంటూ బతికే ఇల్లు అది. "శివా, నాలో ఏమన్నా మిగిలి ఉంటే అది వినపడాలంటే సద్దు లేని తావు కావల్లప్పా" అని ఒకరోజు నాతో అన్నాడు. అన్నట్టే ఊరి చివర కొత్త లేఅవుటులో ఒక పోర్షను చూసుకుని వెళ్ళిపోయాడు.

నేను రెండుసార్లు పోయాను ఆ ఇంటికి. బజారులో బట్టల కొట్టున్న లక్ష్మీనరసయ్యది ఆ భవనం. కింద మమత అనే అమ్మాయి, భర్త ఉంటారు. ఆమె ఒక ఫైనాన్సు ఆఫీసులో పని చేస్తుంది. పైన పక్కపక్కన రెండు చిన్న పోర్షన్లు, మధ్యలో ఒకటే గోడ. ఒకదాంట్లో గంగాధరన్న. రెండో దాంట్లో ఏసురత్నం అని, రైల్వేలో పనిచేసి రిటైరయిన మనిషి. ఆయనా ఒంటరే. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చికి పోయేది తప్ప బయట కనబడేవాడు కాదు.

చుట్టూ ఇళ్ళున్నాయి, ఇళ్ళకు గేట్లున్నాయి, గేట్లకు కెమెరాలున్నాయి. నేను పోయిన రెండుసార్లూ ఆ వీధిలో ఒక్క మనిషి గుమ్మంలో కూర్చుని కనబడలేదు.

"ఈయప్ప ఎట్లాంటోడన్నా?" అని పక్క తలుపు చూపించి అడిగాను.

"మంచోడే అనుకుంటా. మెట్ల కాడ కనపడితే తలూపుతాడు. నేనూ ఊపుతా."

"రెండేండ్లయ్యె గదన్నా. మాట్లాడలేదా?"

"ఏం మాట్లాడేది? ఆయన తలుపు మూసుకుంటాడు. నేను మూసుకుంటా." గోడవైపు వేలు చూపించాడు. "అయినా ఆయన గురించి నాకు శానా తెలుసు శివా. ఆరు గంటలకు లేస్తాడు. బకెట్టు ఈడుస్తాడు. కుక్కరు మూడు కూతలేస్తే ఆపుతాడు. రేడియోలో వార్తలొచ్చినంక దగ్గుతాడు. వార్తల కోసరమే దగ్గు ఆపుకొని ఉంటాడేమో అనిపిస్తాది."

నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. ఏదో పాట నోట్లో నానుతున్నదని నాకప్పుడే తెలిసింది.

పోయిన ఏడాది నవంబరులో హిందూపురంలో మా సాహిత్య మిత్రులం ఒక సభ పెట్టుకున్నాం. ఆదివారం మధ్యాహ్నం, ఒక బడి పైఅంతస్తు హాలులో. పాత పాటగాళ్ళను పిలిచి పాడించి, శాలువా కప్పి పంపాలని ఆలోచన. గంగాధరన్నకు బుధవారం ఫోన్ చేశాను.

"పాత పాటలొద్దప్పా. కొత్తది ఒకటి వస్తాండాది" అన్నాడు.

పదకొండేళ్ళ తర్వాత ఆ మాట విన్నాను. ఆయన గొంతులో పాత లారీ నాటి ఊపు ఉంది. పాట దేని గురించి అంటే, "నా పక్కింటోని గురించి" అన్నాడు.

ఇక్కణ్ణుంచి జరిగింది కొంత నేను చూసింది, మిగతాది ఆయన నాకు చెప్పింది.

శుక్రవారం పొద్దున పదకొండు గంటలప్పుడు ఆయన గోడకు ఆనుకుని కూర్చుని, పీట మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ పల్లవి పాడుకుంటున్నాడు. రెండు చరణాలు కుదిరాయి. మూడోది రావడం లేదు. గొంతు కొంచెం పెద్దదయింది. అప్పుడు గోడమీద అవతలినుంచి మూడు దెబ్బలు పడ్డాయి. ఆగి, మళ్ళీ మూడు.

గంగాధరన్న టక్కున నోరు మూసుకున్నాడు. ముఖం వేడెక్కింది. ముప్పై ఏళ్ళు వేలమంది ముందర పాడిన మనిషిని, పాట ఆపమని గోడ మీద కొట్టి చెప్పడం అదే మొదటిసారి. వెళ్ళి అడుగుదామా అనుకున్నాడు. ఏమని అడగాలి? మీకు ఇబ్బందయిందా అంటే, అయింది అంటాడు. ఇద్దరికీ చిన్నతనం. ఎందుకులే అని, కింద అంగడికి పోయి ఇయర్‌ఫోన్లు కొనుక్కొచ్చాడు. సన్నగా గొణిగినట్టు పాడి ఫోనులో రికార్డు చేసుకోవడం, దాన్ని చెవుల్లో పెట్టుకుని వినడం, దిద్దుకోవడం. ఆ శుక్రవారమంతా, శనివారమంతా అట్లాగే చేశాడు. ఎవరికీ ఇబ్బంది కాకూడదని.

ఆ మూడు దెబ్బలు ఆయనకు మూడో చరణం ఇచ్చాయి.

శనివారం మధ్యాహ్నం ఆ పాట నాకు వాట్సాప్‌లో పంపించాడు. "ఎట్లుండాది చెప్పు" అని కింద రాశాడు. నేను పాఠాలు చెప్పే బడినుంచి పెనుకొండలో ఇంటికి వస్తూ బస్సులో విన్నాను. పక్కన ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు, సరిగా వినబడలేదు. బొటనవేలు గుర్తు ఒకటి పెట్టి పంపాను.

ఆదివారం పొద్దున్నే ఆయన మెట్లు దిగుతుంటే ఏసురత్నం తలుపు కింద వెలుతురు కనబడింది. పగటిపూట లైటు వేసి ఉంది. ఆదివారం చర్చికి తయారవుతున్నాడేమో అనుకున్నాడు. కోపం ఇంకా పూర్తిగా తగ్గలేదు. తలుపు దాటి వచ్చేశాడు.

హాలు నిండింది. ఇద్దరు ముగ్గురు పాడాక గంగాధరన్నను పిలిచారు. కంజిర తేలేదు. చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు.

గోడకవతల ఎవరో ఉండారు
పేరు నేనెరగ, ఊరు నేనెరగ
దగ్గితే తెలుసు, నవ్వితే తెలియదు
పక్కనే ఉండారు, పరదేశాన ఉండారు

మొదటి చరణం అయ్యేసరికి హాలులో కదలిక ఆగిపోయింది. మనుషులు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. ఆ గొంతు పాతబడలేదు, చిక్కబడింది. మెట్లమీద తలూపుకునే ఇద్దరు మనుషులు, ఒకే కొళాయి నీళ్ళు తాగే ఇద్దరు మనుషులు, ఎవరి అన్నం వాళ్ళు వండుకుని ఎవరి గోడకు వాళ్ళు తిరిగి తినే మనుషులు. వింటున్న ప్రతివాడికీ తన వీధి గుర్తొచ్చింది. నాకు మా పైఇంటివాళ్ళ పేరు తెలియదని గుర్తొచ్చింది. మూడో చరణం వచ్చింది.

గోడ మీద మూడు దెబ్బలు కొడితివి
ఆపమంటివో, రమ్మంటివో
ఆపమంటివనే అనుకుంటి నేను
రమ్మంటే యాడికి రావల్లో తెలీక

ఆ చరణానికి చప్పట్లు పడ్డాయి. ఆగకుండా పడ్డాయి. మళ్ళీ పాడమన్నారు. మళ్ళీ పాడాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. నా పక్కన కూర్చున్న లెక్చరరు, రమ్మంటివో అన్న మాట దగ్గర పాట ఎక్కడికో పోయిందని నా చెవిలో అన్నాడు.

సభ అయ్యాక అందరూ ఆయన చుట్టూ చేరారు. ఫోటోలు, ఫోన్ నంబర్లు. టీ గ్లాసులు పంచుతున్న నరసమ్మ అనే పెద్దామె, ఆ బడి హాస్టల్లో వంట చేస్తుంది, అందరూ పలచబడేదాకా నిలబడి ఆయన దగ్గరికి వచ్చింది.

"పాట బాగుండాది నాయనా. అది నిజంగా జరిగిందా, ఊకే కట్టినావా?"

"జరిగిందే అమ్మా. మొన్న శుక్కురారం."

"ఆయప్ప ఎందుకు కొట్టినాడు?"

"నా పాట సద్దు ఇబ్బంది అయ్యుంటాది."

"అంతకుముందు యాన్నాడన్నా కొట్టినాడా?"

"లేదు."

"అంతకుముందూ పాడేటోడివే గదా?"

"పాడతానే ఉంటా. పాతవి. దినామూ పాడతా."

నరసమ్మ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటూ అంది. "రెండేండ్లు కొట్టనోడు ఆ పొద్దే కొట్టినాడా. మళ్ళ కనపడినాడా ఆయప్ప?"

ఆమె ట్రే ఎత్తుకుని పోయింది. నిందించినట్టు కూడా చూడలేదు. కానీ గంగాధరన్న భుజం మీది శాలువా జారి కింద పడితే తీసుకోవాలని కూడా తోచలేదు. నేను తీసి ఇచ్చాను.

హిందూపురం స్టేషనులో బండికోసం నిలబడినప్పుడు అన్నాడు. "శివా, నిన్న పొద్దున కుక్కరు కూత వినపడలేదు నాకు. ఈ పొద్దూ వినపడలేదు."

"చెవుల్లో అవి పెట్టుకుంటివి గదన్నా."

"ఈ పొద్దు పెట్టుకోలేదు."

బండి వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్నాం. బయట చీకటి పడుతోంది. ఎదురు బెంచీలో నలుగురు, నలుగురి ముఖాలమీదా ఫోను వెలుతురు. ఆయన వాళ్ళనే చూస్తున్నాడనుకున్నాను, కానీ చూపు వాళ్ళమీద లేదు.

"ఆయన నంబరు ఉండాదా అన్నా?"

"లేదు."

"కిందావిడది?"

"లేదు. ఓనరుది ఒకటే ఉండాది."

లక్ష్మీనరసయ్యకు నేనే ఫోన్ చేసి విషయం చెప్పాను. ఆయన బెంగళూరులో పెళ్ళిలో ఉన్నాడు, వెనక మేళం మోగుతోంది. మమతను అడిగి చెప్తానన్నాడు. పది నిమిషాలకు మళ్ళీ చేశాడు. "పైన లైటు ఎలగతాండాదంట, ఊళ్ళోనే ఉన్నట్టుండాడు అని చెప్పింది. ఏం భయం లేదు."

"తలుపు కొట్టిందా?"

"కొట్టలేదంట. మొగుడు ఊళ్ళో లేడు, ఒకతే పోయేదానికి మొగమాటంగా ఉండాది అంటాంది. పరిచయం లేదు గదా."

ఫోన్ పెట్టేసి ఆ మాటే చెప్పాను. లైటు వెలుగుతున్నదని వినగానే ఆయన పూర్తిగా నావైపు తిరిగాడు.

"పొద్దున నేనొచ్చేటప్పుడూ ఎలగతానే ఉన్నె."

పెనుకొండ ఇంకా రెండు స్టేషన్లుందనగా, చెయ్యి కిటికీ కడ్డీమీదనుంచి తీసి కిందికి, బెంచీ కింద మా కాళ్ళ దగ్గరికి చూపించాడు.

"శివా, నా నీళ్ళ బిందె గోడ వారన కింద ఉంటాది. మూత మీద గ్లాసు పెడతా. ఆ పొద్దు గోడ మీద కొట్టినప్పుడు ఆ గ్లాసు అదిరింది. గణగణమన్నె. నేను చూసినా." చెయ్యి పైకి తెచ్చాడు. "నిలబడిన మనిషి గోడ కొడితే ఈడ తగులుతాది." రొమ్ము చూపించాడు. "కూర్చునుండే నా తల కాడ వినపడల్ల గదా. అది కిందనుంచి వచ్చింది."

ఏదో ఒకటి అనాలి కదా అని, మంచం మీద పడుకుని కొట్టి ఉంటాడు అన్నాను.

"ఆయప్ప మంచం ఆ పక్క గోడకుండాది. కిర్రుమనేది నాకు దూరంగా వినపడతాది."

పెనుకొండ వచ్చింది. నేను సంచి తీసుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు కూడా వస్తావా? ఇద్దరం పోదాం."

నేను చేసింది నేను దాచిపెట్టను. పొద్దున్నే బడి ఉంది, ఇంట్లో ఎదురుచూస్తుంటారు, తీరా పోతే ఆ మనిషి తలుపు తీసి ఏంది అని అడిగితే నవ్వులపాలు. ఇవన్నీ ఒక్క క్షణంలో వచ్చాయి. వీటన్నిటి కింద ఇంకొకటుంది. ఆ తలుపు ముందర నిలబడాలంటే నాకు భయమేసింది.

"ఏం ఉండదులే అన్నా. నువ్వు పోయి చూసి ఫోన్ చెయ్యి."

"సరే" అన్నాడు. చెయ్యి వదిలేశాడు. బండి కదిలాక కిటికీలో ఆయన ముఖం కనబడింది. నావైపు చూడటం లేదు.

ఏడు దాటాక ఆయన ఇల్లు చేరాడు. మెట్లెక్కి నేరుగా ఏసురత్నం తలుపు కొట్టాడు. రెండేళ్ళలో ఆ తలుపు మీద చెయ్యి వేయడం అదే మొదలు. లోపల గడియ పెట్టి ఉంది. తలుపు కింద వెలుతురు. చెవి ఆనించి విన్నాడు. కొళాయి కారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. గట్టిగా పిలవాలంటే ఏమని పిలవాలో ఒక నిమిషం తెలియలేదు ఆయనకు. అన్నా అనాలా, అప్పా అనాలా. చివరకు "ఏసురత్నమన్నా" అని అరిచాడు. ఆ పేరు ఆయన నోట పలకడం కూడా అదే మొదలు.

చప్పుడుకు మమత ఫోన్ లైటు వేసుకుని పైకొచ్చింది. ఎదురుగా మోటారు రిపేరు షాపులో ఇద్దరు ఉంటే వాళ్ళను పిలుచుకొచ్చింది. గునపం పెట్టి గడియ ఊడదీశారు.

ఏసురత్నం స్నానాల గది గడప మీద అడ్డంగా పడి ఉన్నాడు. కుడివైపు పక్షవాతం కొట్టింది. నోరు ఒక పక్కకు పోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. శ్వాస ఆడుతోంది. ఎడమ చేతికి అందే దూరంలో బకెట్టు, బకెట్టులోకి కారే కొళాయి. ఆ నీళ్ళే ప్రాణం నిలబెట్టాయని తర్వాత డాక్టరు చెప్పాడు. ఎడమ చేతి వేళ్ళ కణుపులమీద చర్మం లేదు. ఆ చేతి పక్కనే ఉన్న గోడ, అంటే అవతల గంగాధరన్న ఆనుకుని పాట కట్టుకున్న గోడ, నేలనుంచి జానెడు ఎత్తులో అరచెయ్యంత మేర సున్నం రాలి కింద పడి ఉంది. మూడు దెబ్బలకు, ఆరు దెబ్బలకు రాలేది కాదు అది. శుక్రవారం, శనివారం, బహుశా ఆదివారం పొద్దున దాకా కొడుతూనే ఉన్నాడు. అవతల గంగాధరన్న చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాడు. అవి తీసేవేళకు ఆ చేతిలో గోడకవతలికి వినబడేంత బలం మిగల్లేదు.

అంబులెన్సులో ఆయనే తోడుగా అనంతపురం పోయాడు. అక్కడి డాక్టరు, ఎప్పుడు పడ్డాడని అడిగాడు. శుక్రవారం పదకొండు గంటలకు అని కచ్చితంగా చెప్పాడు గంగాధరన్న. డాక్టరు రాసుకుంటున్నవాడు తలెత్తి, అంత కచ్చితంగా ఎట్లా తెలుసు అన్నాడు. దానికి ఏమి చెప్పావని నేనెప్పుడూ అడగలేదు. వెంటనే తెచ్చి ఉంటే మాట, చెయ్యి చాలావరకు తిరిగి వచ్చేవని మాత్రం డాక్టరు చెప్పాడట.

ఆ వారంలో ఒకరోజు బడి అయ్యాక ఖాళీ తరగతి గదిలో కూర్చుని, శనివారం ఆయన పంపిన రికార్డింగు మళ్ళీ విన్నాను. ఈసారి బస్సు చప్పుడు లేదు. గొంతు తగ్గించి పాడుతున్నాడు. రెండో చరణం తర్వాత ఊపిరి తీసుకోడానికి ఆగాడు. ఆ సందులో, దూరంగా, మెత్తగా మూడు దెబ్బలు వినబడ్డాయి. పీట మీద తన వేళ్ళ చప్పుడే అనుకుని ఉంటాడు ఆయన. ఆ దెబ్బలు అయిపోయాక, అదే లయ అందుకుని మూడో చరణం ఎత్తుకున్నాడు. ఇంకోసారి వినలేకపోయాను. ఈ సంగతి ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.

ఈలోగా పాట మాత్రం ఊళ్ళు తిరిగింది. హాలులో తీసిన వీడియోలు ఫోన్లలోకి ఎక్కాయి. ముక్కలు చేసి, బొమ్మలు జోడించి పెట్టారు. మా బడిలో పిల్లలు పాడుతుంటే విన్నాను. చెన్నేకొత్తపల్లి దగ్గర హైవే దాబాలో ఒక లారీ డ్రైవరు ఫోను మోగితే, గోడ మీద మూడు దెబ్బలు అన్న వరుసే మోగింది. అనంతపురం నుంచి, కర్నూలు నుంచి సభలకు పిలిచారు. గంగాధరన్న ఎవరికీ వస్తానని చెప్పలేదు. కొన్నాళ్ళకు ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఏసురత్నాన్ని చెల్లెలు సువార్తమ్మ తాడిమర్రికి తీసుకుపోయింది. భర్త పోయిన మనిషి, రెండు ఎకరాల వేరుశనగ, ఒక బర్రె. గంగాధరన్న పదిహేను రోజులకొకసారి బస్సెక్కి అక్కడికి పోయేవాడు. మొదటిసారి పోయినప్పుడే ఆమెకు అంతా చెప్పేశాడు. కొట్టింది విన్నానని, పాట ఆపమన్నాడనుకున్నానని, అలిగానని, ఆ దెబ్బలమీదనే పాట కట్టి హిందూపురంలో పాడి శాలువా కప్పించుకున్నానని. ఆమె బర్రెకు మేత వేస్తూ వింది. కోప్పడలేదు. "తెలీక జరిగిందిలే అన్నా" అని మజ్జిగ ఇచ్చింది.

ఏసురత్నం మాత్రం ఆయనను చూసిన వెంటనే ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. మళ్ళీ పోయినా అదే. గంగాధరన్న మంచం పక్కన చిన్న స్టూలు వేసుకుని గంట, గంటన్నర కూర్చునేవాడు. ఏమన్నా మాట్లాడబోతే అవతలి మనిషి వీపు బిగుసుకునేది. అందుకని ఊరికే కూర్చునేవాడు. సువార్తమ్మ ఒకసారి, పాట పాడితే ఆయప్పకు ఇంపుగా ఉంటుందేమో అంది, పాపం ఆమెకు తోచక. ఈయన తల అడ్డంగా ఊపాడు.

అయిదోసారి పోయినప్పుడు ఆమె బస్టాపు దాకా వెంట వచ్చింది. ఎప్పుడూ రాదు. బస్సు కనబడ్డాక అంది.

"అన్నా, ఒక మాట చెప్తా, తప్పుగా అనుకోవద్దు."

"చెప్పమ్మా."

"నువ్వొచ్చి పోయినంక మా అన్న రెండు దినాలు కూడు ముట్టడం లేదు. నేను బతిమాలి తినిపించల్ల. నిద్రలో ఎడమచెయ్యి ఎగరేస్తాడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వు మంచికే వస్తాండావు. నాకు తెలుసు. ఇంక రావొద్దన్నా."

"అట్లయితే నేనేం చెయ్యల్ల అమ్మా?"

బస్సు వచ్చి ఆగింది. ఎక్కాడు.

తర్వాత పోలేదు. ఎండాకాలంలో ఏసురత్నం చనిపోయాడు. ఆ కబురు గంగాధరన్నకు చెప్పినవాళ్ళెవరూ లేరు. నెల దాటాక లక్ష్మీనరసయ్య ఏదో మాటల్లో అంటే తెలిసింది. తాడిమర్రికి ఇప్పుడు పోవచ్చునా కూడదా అని నన్ను ఫోన్ చేసి అడిగాడు. నాకూ తెలియదన్నాను.

పోయిన నెల ధర్మవరానికి పనిమీద వెళ్ళి ఆయనను చూసి వచ్చాను. పక్క పోర్షనుకు ఎవరూ రావడం లేదు. ఆ ఇంటి సంగతి లేఅవుటంతా పాకింది. తమ్ముళ్ళు వచ్చి, ఇంటికి రమ్మని రెండుసార్లు పిలిచారట. రానన్నాడు. మనిషి బాగా తగ్గాడు. గడ్డం పెరిగింది. కంజిర మీద గుడ్డ కప్పి ఉంది. ఇంట్లో ఫ్యాను కూడా తిరగడం లేదు. ఉక్కగా ఉంది, వేద్దామా అంటే చప్పుడు అవుతుందన్నాడు.

ఏం మాట్లాడాలో తోచక అడిగాను.

"ఏమన్నా పాడుకుంటాండావా అన్నా?"

"లేదు శివా. వింటాండా."

ఆయన తల కొంచెం ఆ గోడవైపు వంచి ఉంది. ఆ గదిలో నాకు ఏమీ వినబడలేదు. ఏం వింటున్నావని అడగాలనుకున్నాను. బస్సుకు టైమవుతోందని లేచి వచ్చేశాను.